చివరగా ఏం ముట్టుకున్నావు?

మొన్న పని మీద బందరు వెళ్ళినప్పుడు సెల్‌ఫోన్‌లో డబ్బులు అయిపోయాయి. రీచార్జి చేయించుకుందామని బస్టాండు వెనక సందులో ఒక కొట్టు ముందు ఆగాను. నంబరు చెబుతూ కిందకి చూస్తే, మెట్టు మీద యాసిడ్ తినేసిన మచ్చలు కనిపించాయి. నాకు తెలియకుండానే ఆ మచ్చల మీద కాలు పెట్టకుండా పక్కకి జరిగాను. పదేళ్ళ కిందటి అలవాటు కాళ్ళకి ఇంకా పోలేదు.

"ఇక్కడ బ్యాటరీల మాస్టారు ఉండాలి కదమ్మా?" అన్నాను కౌంటర్లో అమ్మాయితో.

"ఆయన పోయి రెండేళ్ళు దాటిందండీ. అమ్మగారు పోయిన ఏడాదికే ఈయనా పోయారంట. ఆవిడ పోయాక కూడా పని చేస్తా చేస్తా ఆ గోడ వంక చూసేవారంటండీ. పక్క కొట్టోళ్ళు చెప్తారు."

గోడ వంక నేనూ చూశాను. సెల్‌ఫోన్ కంపెనీల రంగు కాగితాల పైన, బల్బు లేని హోల్డరు ఒకటి మిగిలి ఉంది.

"నంబరు మళ్ళీ ఒకసారి చెప్పండి" అంది అమ్మాయి. నా నంబరు నాకే గుర్తు రాలేదు.

ఆయన పేరేమిటో నాకు తెలియదు. సిగ్గుపడాల్సిన మాటే, కానీ నిజం. బోర్డు మీద పేరు ఉన్న చోట పెచ్చు ఊడిపోయి 'ఆటో ఎలక్ట్రికల్స్, ఇచ్చట బ్యాటరీలు ఛార్జింగు చేయబడును' అన్నంతవరకే ఉండేది. మేమంతా మాస్టారనే వాళ్ళం. ఆయనకీ మా పేర్లతో పని లేదు. ఎవరి బ్యాటరీ వచ్చినా చొక్కా జేబులోంచి సుద్దముక్క తీసి దాని నెత్తిన ఊరి పేరు రాసేవాడు. నాగాయలంక, గూడూరు, కోడూరు. ఇక ఆ మనిషి పేరు కూడా అదే. "గూడూరూ, నీది అయిపోయింది పట్టుకెళ్ళు." "కోడూరూ, అట్టా నిలబడతావేం, ఆ స్టూలు లాక్కుని కూచో." కోడూరు అంటే నేను.

సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. చొక్కాల నిండా యాసిడ్ చిల్లులు. ఆదివారం చర్చికి వేసుకునే చొక్కా ఒక్కటే చిల్లుల్లేనిదని ఆయనే చెప్పాడు. చర్చిలో కూడా ఆఖరి బెంచీలో గుమ్మం పక్కన కూర్చుని, ఆశీర్వాదం చెప్పకముందే లేచి వచ్చేస్తాడట. "పాస్టరు గారికి నా వీపు తప్ప మొహం గుర్తుండదు" అనేవాడు. మీటర్లూ గీటర్లూ వాడేవాడు కాదు. హెడ్‌లైటు బల్బుకి రెండు తీగలు అతికించి పెట్టుకున్నాడు. బండి ఒంటి మీద ఇక్కడో కొస, అక్కడో కొస ఆనించి, బల్బు వెలిగితే "స్తోత్రం" అనేవాడు. వెలగకపోతే "అలిగింది" అనేవాడు. పాడైపోయింది అన్న మాట ఆయన నోట నేను వినలేదు.

ఎవరొచ్చినా ఆయన అడిగేది ఒకటే ప్రశ్న.

"చివరగా ఏం ముట్టుకున్నావు?"

"నేనేం ముట్టుకోలేదండీ, ఉన్నట్టుండి ఆగిపోయింది."

"బండి ఊరికే అలగదబ్బాయ్. ఎవరో ఏదో ముట్టుకుంటారు. నాక్కావాల్సింది ఎవరన్నది కాదు, ఏదన్నది. ముందు ఒప్పుకోలు, తర్వాత రిపేరు."

అందరూ అబద్ధమే చెప్పేవాళ్ళు. డాక్టరు దగ్గరా మెకానిక్కు దగ్గరా మనవాళ్ళు నిజం చెప్పిన పాపాన పోరు కదా. అప్పుడు గోడ మీద ఎర్ర బల్బు వెలిగేది. ఆయన చేతిలో పని అలాగే వదిలేసి, కొట్టు వెనక గదికి అడ్డంగా కట్టిన పరదా తొలగించుకుని లోపలికి వెళ్ళేవాడు. వచ్చాక, "ఆ, మళ్ళీ చెప్పు. ఏం ముట్టుకున్నావు?" అనేవాడు. ఆ బల్బు సంగతి నాకు అర్థమవడానికి చాలా వారాలు పట్టింది.

నా సంగతి కాస్త చెప్పాలి, చెప్పకపోతే ఆయన సంగతి తెలియదు.

డిగ్రీ తప్పి, దివిసీమలో కోడూరు దగ్గర మా అక్కావాళ్ళింట్లో పడి తింటున్న రోజులవి. మా బావకి సపోటా, జామ తోట ఉంది. చెట్ల వరసల మధ్య తిరగడానికి ఒక చిన్న ట్రాక్టరు ఉంది. దాన్ని నడిపేది డ్రైవరు బాబాయి. మాకు చుట్టం కాదు, అయినా అందరికీ బాబాయే. నేను వెనక ట్రాలీలో కాయల బుట్టలు సర్దేవాణ్ణి. బావ నన్ను తిట్టడు, కొట్టడు. అన్నం తినేటప్పుడు "వీడికి ఇంకో ముద్ద వెయ్యి" అంటాడు అక్కతో. ఆ 'వీడికి' అన్న మాట దగ్గర ముద్ద గొంతు దిగేది కాదు.

దసరాకి డ్రైవరు బాబాయి నందివాడలో చెల్లెలింటికి వెళ్ళాడు. ఆయుధపూజ నాటికి బండిని తళతళలాడించి బావ దగ్గర మంచి పేరు కొట్టేద్దామని నాకో దుర్బుద్ధి పుట్టింది. సముద్రపు గాలికి అది తుప్పు పట్టి ఉంది. పైపైన రంగు కొట్టి ఊరుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. నేను బ్యాటరీ విప్పాను, తీగలు విప్పాను, డైనమో నుంచి బ్యాటరీకి కరెంటు ఎప్పుడు వెళ్ళాలో చూసే నల్ల పెట్టె ఒకటి ఉంటుంది, కటౌట్ అంటారు, దాన్నీ విప్పాను. తుప్పంతా గీకి, ప్రతి మూలా, ప్రతి పట్టీ కిందా రెండు పూతలు ఎర్ర రంగు వేసి, ఆరాక ఎక్కడివక్కడ గట్టిగా బిగించాను. పసుపు, కుంకుమ, నిమ్మకాయలు, బంతిపూల దండ. బావ చూసి, "ఫర్వాలేదురా" అన్నాడు. ఆ ఒక్క మాటకి ఆ రోజంతా నేల మీద నడవలేదు నేను.

పది రోజులకి సెల్ఫ్ కొడితే 'టక్' మని ఊరుకుంది బండి. బ్యాటరీ చచ్చిపోయింది. అప్పటికి డ్రైవరు బాబాయి తిరిగొచ్చాడు. బావ బానెట్ ఎత్తి చూశాడు. నట్ల మీద పానా గీతలు కొత్తగా మెరుస్తున్నాయి.

"బ్యాటరీ ఎవడు విప్పాడు?"

డ్రైవరు బాబాయి "నేను విప్పలేదండీ" అన్నాడు. నేను పైపైన రంగు పూశాననే అనుకుంటున్న బావ నా వంక చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఎందుకు ఊపానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. విప్పానని చెప్పడానికి ఒక్క క్షణం చాలు, ఆ క్షణంలో 'వీడికి ఇంకో ముద్ద' గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున ఊళ్ళో కాఫీ హోటలు దగ్గర, అందరి ముందూ, బావ డ్రైవరు బాబాయిని నిలబెట్టి అనేశాడు. "కొత్త బ్యాటరీ మార్చేసి పాతది పెట్టావు. పదేళ్ళు నా ఉప్పు తిని దొంగతనం చేస్తావా?" బాబాయి భుజం మీద తువ్వాలు తీసి మొహం తుడుచుకుని, తాళం చెవి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ తాళం చెవి బావ నా చేతిలో పెట్టాడు.

అప్పుడే మొదటిసారి మాస్టారి దగ్గరికి వెళ్ళాం, బావా నేనూ, బ్యాటరీ గోనెసంచిలో చుట్టుకుని. పులిగడ్డ అక్విడెక్టు దాటి చల్లపల్లి మీదుగా బస్సులో.

బావ కథంతా చెప్పాడు. మాస్టారు బ్యాటరీ మీద అచ్చొత్తిన అక్షరాలు తడిమి చూసి, "ఇది ఈ సంవత్సరందేనండీ. మార్చలేదు" అన్నాడు.

బావ మొహం ఎర్రబడింది. "మీకు తెలీదు లెండి. మార్చకపోతే ఇంకేదో గెలికుంటాడు. దొంగబుద్ధి." అందరి ముందూ అన్న మాట వెనక్కి తీసుకోవడం మా బావ జాతకంలోనే లేదు.

మాస్టారు నా వైపు తిరిగాడు. "బండి దగ్గర ఉండేది నువ్వేనా? చివరగా ఏం ముట్టుకున్నావు?"

బావ పక్కనే ఉన్నాడు. "ఏం ముట్టుకోలేదండీ."

ఎర్ర బల్బు వెలిగింది. మాస్టారు లోపలికి వెళ్ళొచ్చి, నన్ను ఒక్కసారి పైనుంచి కిందదాకా చూసి, సుద్దముక్క తీసి బ్యాటరీ మీద 'కోడూరు' అని రాశాడు.

ఇక నా చెర మొదలైంది. ఛార్జింగు పెట్టించి తెచ్చిన బ్యాటరీ నాలుగు రోజులు సెల్ఫ్ కొట్టేది, ఆ తర్వాత మళ్ళీ చచ్చేది. ఇంజను తిరిగినంతసేపూ ముందు మీటర్ల పలక మీద ఎర్ర లైటు ఆరకుండా వెలుగుతూనే ఉండేది, అంటే బ్యాటరీకి కరెంటు చేరడం లేదని. మా తోట ఇసక నేల. నలుగురు తోసినా చక్రం తిరగదు. అందుకని పొద్దున స్టార్ట్ చేస్తే సాయంత్రందాకా ఆపకూడదు. కాయలు ఎక్కిస్తున్నా ఆపకూడదు, అన్నానికైనా ఆపకూడదు. దిగి దూరం వెళితే ఎక్కడ ఆగిపోతుందోనని భయం. అక్క క్యారేజీ తెచ్చి ఇస్తే, ఆ డుగడుగుల మధ్య సీటు మీదే కూర్చుని తినేవాణ్ణి. పప్పు ఒడిలో ఒలికేది. దారిన పోయేవాళ్ళకి నేనో వేడుక. "ఏరా అబ్బాయ్, సీటుకి అతుక్కుపోయావా ఏంటి?" "కిందకి దిగితే మళ్ళీ ఎక్కనివ్వదంటా?" డీజిలు మండిపోతోందని బావ సణుగుడు. సాయంత్రం కాలవ గట్టు వాలులో ముక్కు కిందకి పెట్టి ఆపి, చక్రం కింద ఇటుక పెట్టేవాణ్ణి. పొద్దున ఆ ఇటుక తన్నేసి దొర్లించి గేరులో వేస్తే ఒక్కోసారి అందుకునేది. వాలు అయిపోయేలోపు అందుకోకపోతే ఆ రోజు బస్సే గతి. ఎవడి ఉసురో అనుకునేవాణ్ణి. ఎవడిదో నాకు బాగా తెలుసు.

వారం వారం బందరు. "యాసిడ్ ఒలికిందంటే ఊరుకోను, దిగవయ్యా దిగు" అని కండక్టర్లు, కాళ్ళ మధ్య బ్యాటరీ పెట్టుకుని నేను. మాస్టారు బందరు దాటి రాడు. రమ్మని ఎన్నిసార్లు బతిమాలినా "నువ్వే విప్పి పట్రా" అనేవాడు. ఒకసారి బెల్టు బిగువు ఎలా చూడాలో తన నడుం బెల్టు మీద చూపించి పంపాడు. బెల్టు బాగానే ఉంది. ఒకసారి డైనమో తెమ్మన్నాడు. బల్ల మీద బిగించి తిప్పితే బల్బు ఫెళ్ళున వెలిగింది. "స్తోత్రం." ఇంకోసారి కటౌట్ పెట్టె తెచ్చాను. అదీ భేషుగ్గా పనిచేసింది. ఎర్త్ తీగ వదులుగా ఉందేమో చూశావా అన్నాడు, గట్టిగా ఉందండీ అన్నాను. అది మాత్రం నిజమే. వచ్చిన ప్రతిసారీ, "ఏమన్నా విప్పావా అబ్బాయ్?" అనేవాడు. "లేదండీ" అనేవాణ్ణి. గోడ మీద ఎర్ర బల్బు వెలిగేది.

అమ్మగారికి టీ కావాలేమో అనుకునేవాణ్ణి. వెనక గదిలో ఆయన భార్య మంచం పట్టి ఎనిమిదేళ్ళట. మంచం పట్టీకి ఆయన కట్టిన ఒక స్విచ్చి. ఆవిడ నొక్కితే ఇక్కడ వెలుగుతుంది. నిమిషంలో వెళ్ళాలి ఆయన. ఆ తీగ ఎంత పొడుగో ఆయన లోకం అంతే. మనిషి నవ్వుతూనే ఉండేవాడు గానీ, సందు చివర బస్సు హారను వినబడితే ఒక్కోసారి చేతిలో పని ఆపి, బస్సు వెళ్ళిపోయిందాకా అటే చెవి పెట్టి ఉండేవాడు. లోపల ఆవిడ, బల్ల దగ్గర ఆయన, దివిసీమలో ఆపకూడని బండి మీద నేను. ముగ్గురికి ముగ్గురం సరిపోయాం అనిపించేది నాకు.

అయిదో వారమో ఆరో వారమో. ఆయన కటౌట్ పెట్టె కాలికి క్లిప్పు తగిలించి మళ్ళీ పరీక్ష చేసి, తీసి పక్కన పెట్టాడు.

"డైనమో మంచిదే. పెట్టె మంచిదే. బ్యాటరీ మంచిదే. మరి చెడ్డది ఎవరబ్బాయ్?"

నేను గోనెసంచి మడతపెట్టసాగాను.

"చూడు కోడూరూ. బ్యాటరీ నుంచి బయల్దేరిన కరెంటు మళ్ళీ బ్యాటరీకి రావాలి. తిరిగి రావడానికి వేరే తీగ ఉండదు, బండి ఇనుమే దాని దారి. దాన్నే మేం ఎర్త్ అంటాం. పోయేదారి అందరూ చూస్తారు, తిరిగొచ్చే దారి ఎవడూ చూడడు. ఇక్కడ ఈ పెట్టెకి క్లిప్పు పెట్టి ఎర్త్ నేనిస్తున్నా. పనిచేస్తోంది. అక్కడ ఎవరిస్తున్నారు?"

ఎర్ర బల్బు వెలిగింది. ఈసారి పరదా వెనక నుంచి గొంతు కూడా వచ్చింది. "ఏవండీ, ఆ అబ్బాయిని ఇటు పంపండి."

లోపల కిటికీ పక్క మంచం మీద చిన్న శాల్తీ. కుడిచేతి వేళ్ళు తప్ప ఇంకేమీ కదలడం లేదు. కళ్ళు మాత్రం సూదుల్లా ఉన్నాయి.

"మొదటిరోజు మీ బావతో వచ్చావు. ఏం ముట్టుకోలేదన్నావు. గొంతు వణికింది. ఇన్ని వారాల నుంచీ అదే మాట, అదే వణుకు. ఈ మంచం మీద నాకు వినడం తప్ప పనేముంది? వచ్చినోళ్ళలో ఎవరిది అబద్ధమో లైటేసి చెప్తా, ఈయన చూసుకుంటారు. మిగతావాళ్ళు రెండోసారికి నిజం చెప్పేస్తారు. నువ్వు మొండిఘటానివి. చెప్పెయ్యి నాయనా, నాకూ విని విని విసుగొస్తోంది."

ఆ టీ బల్బు అసలు సంగతి అదన్నమాట. నాకు నవ్వొచ్చింది, నవ్వబోయి ఏడ్చాను. మంచం కోడు పట్టుకుని కింద కూలబడి మొత్తం చెప్పేశాను. ఆయుధపూజ, ఎర్ర రంగు, తల అడ్డంగా ఊపడం, హోటలు, తాళం చెవి.

ఆవిడ అంతా విని, "నేనంటే లేవలేక పడున్నా. నువ్వు లేవగలిగుండి కూడా ఆ సీటు మీద పడుండటం ఏం ఖర్మరా?" అంది.

పరదా దగ్గర నిలబడి విన్న మాస్టారు తల పట్టుకున్నాడు. "పట్టీ కింద కూడా రంగేశావా? పెట్టె కాళ్ళ కింద?"

"రెండు పూతలండీ."

"ఎంత బుద్ధిగా పనిచేశావయ్యా! రంగు మీద బిగిస్తే ఇనుముకి ఇనుము ఎక్కడ తగుల్తుంది? దారి మూసేశావు." బల్ల సొరుగులోంచి వేలెడంత గరుకు కాగితం చింపి నా చేతిలో పెట్టాడు. "పెట్టె కాళ్ళ కింద, ఎర్త్ తీగ కింద, తెల్ల ఇనుము కనబడేదాకా గీకు. అంతే. ఇక డ్రైవరు సంగతి... అది గీకడానికి నా దగ్గర కాగితం లేదు. నువ్వే చూసుకోవాలి."

మర్నాడు పావుగంట పని. గీకి, బిగించి, స్టార్ట్ చేశాను. ఎర్ర లైటు ఒక్కసారి మినుక్కుమని ఆరిపోయింది. నేను ఇంజను ఆపేశాను. మధ్యాహ్నంపూట ఇంజను ఆపడం నెలన్నరలో అదే మొదలు. సపోటా చెట్లలో చిలకలు అరుస్తున్నాయని అప్పుడు వినబడింది. మళ్ళీ స్టార్ట్ చేశాను, మళ్ళీ ఆపాను. పిచ్చివాడిలా పదిసార్లు.

బావ పరుగెత్తుకొచ్చాడు. "ఏంట్రా, బాగైందా? ఏంటంట రోగం?"

"ఏదో తీగ దగ్గరంట బావా. మాస్టారు చెప్పారు."

"నేను చెప్పలా? ఆ దొంగవెధవ పోతూ పోతూ గెలికిపోయాడు."

"ఊఁ" అన్నాను నేను.

తల అడ్డంగా ఊపినదానికైనా భయమని పేరుంది. ఈ ఊఁ కి ఏ పేరూ లేదు. బండి ఇప్పుడు ఎప్పుడంటే అప్పుడు ఆగుతుంది, ఎప్పుడంటే అప్పుడు లేస్తుంది. నేను మాత్రం సీటు దిగలేకపోయాను. అన్నం ఇంటికెళ్ళి తినొచ్చు, అయినా సీటు మీదే తినేవాణ్ణి. ఇంట్లో బావ ఎదురుగా కూర్చుంటే ఎక్కడ నోరు జారుతుందోనని.

నెల తర్వాత బుట్టెడు జామకాయలు పట్టుకుని బందరు వెళ్ళాను. బ్యాటరీ లేకుండా ఆ సందులోకి అడుగుపెట్టడం అదే మొదలు. మాస్టారు తలెత్తకుండానే అడిగాడు. "డ్రైవరుకి చెప్పావా?"

"చెప్పానండీ. చాలా సంతోషించాడు" అన్నాను. అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆ మాట.

గోడ మీద బల్బు వెలిగింది. ఆరలేదు. మాస్టారు లోపలికి వెళ్ళలేదు. ఆ ఎర్ర వెలుగులోనే తీగకి సీసం అతుకుతూ కూర్చున్నాడు. అతుకు పూర్తయ్యాక అన్నాడు. "ఆవిడకి జామకాయలంటే ప్రాణం అబ్బాయ్. కానీ ఇవి తినదు. పట్టుకెళ్ళు."

బుట్ట నెత్తిన పెట్టుకుని బస్టాండుకి వచ్చాను. కోడూరు బస్సు ఎక్కలేదు. గుడివాడ బస్సెక్కి, అక్కణ్ణుంచి బాబాయి చెల్లెలి ఊరు నందివాడ వెళ్ళాను. డ్రైవరు బాబాయి చేపల చెరువు గట్టు మీద తవుడు బస్తాలు దించుతున్నాడు. కూలికి. డ్రైవరు పని ఎవరూ ఇవ్వలేదట, బ్యాటరీ దొంగ అన్న మాట ఆయన కంటే ముందే ఆ ఊరు చేరింది. బుట్ట కింద పెట్టి, ఏకబిగిన చెప్పేశాను.

ఆయన బస్తా దించి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"నాకెందుకు బాబూ ఇదంతా చెప్తున్నావు?"

"నువ్వు దొంగతనం చేయలేదని..."

"నేను దొంగని కాదని నాకు తెలుసుగా. తెలియనోళ్ళకి చెప్పు."

అంతే. తిట్టనైనా తిట్టలేదు. జామకాయల వంక చూడను కూడా లేదు. ఇంకో బస్తా ఎత్తుకుని గట్టు దిగి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున కాఫీ హోటల్లో బావ పేపరు చదువుతున్నాడు. చుట్టూ పదిమంది. "బావా, బ్యాటరీ విప్పింది నేను" అన్నాను. పేపరు దిగింది. "పట్టీల కింద రంగేసింది నేను, చెడగొట్టింది నేను. డ్రైవరు బాబాయి ఏమీ ముట్టుకోలేదు."

"ఇంటికి పద, మాట్లాడుకుందాం" అన్నాడు బావ పళ్ళ బిగువున.

"ఇక్కడే బావా. దొంగ అన్నది ఇక్కడే కదా."

బావ లేచి, కాఫీ సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు. నేను ఇంటికి వెళ్ళేసరికి అక్క నా బట్టలు సంచిలో సర్దుతోంది. ఆయన సర్దమన్నాడో, తనే సర్దిందో అడగలేదు. "ముందే చెబితే నీ సొమ్మేం పోయేదిరా" అని ఒకటే ఏడుపు. తాళం చెవి అక్క చేతిలో పెట్టాను. తర్వాత ఎప్పుడో అక్కే చెప్పింది, బాబాయికి బావ కబురు పెట్టాడట రమ్మని. డ్రైవరు బాబాయి పనిలోకి రాలేదు గానీ, ఒక పొద్దున తెల్లచొక్కా వేసుకుని వచ్చి, ఆ హోటల్లో ఆ బల్ల దగ్గరే కూర్చుని, అందరితో మాట్లాడుతూ నింపాదిగా కాఫీ తాగి, మళ్ళీ బస్సెక్కి వెళ్ళిపోయాడట.

నేను మాత్రం ఆ రోజు సంచి పట్టుకుని తిన్నగా బందరు వెళ్ళాను. ఎక్కడికి వెళ్ళాలో తెలియనప్పుడు కాళ్ళు తెలిసిన మెట్టే ఎక్కుతాయి.

మాస్టారు తలెత్తలేదు. "చెప్పావా?"

"చెప్పానండీ."

"డ్రైవరుకా?"

"డ్రైవరుకీ చెప్పాను, మా బావకీ చెప్పాను. హోటల్లో. అందరి ముందూ."

చేతిలో పని బల్ల మీద పెట్టేశాడు. ఇద్దరం గోడ వంక చూశాం. బల్బు వెలగలేదు. ఇంకాసేపు చూశాం. వెలగలేదు. ఆవిడ నిద్రపోతోందేమో, వినలేదేమో అని ఇంకో భయం పట్టుకుంది.

పరదా వెనక నుంచి వినబడింది. "మెలకువగానే ఉన్నా. టీ తెప్పించండి. అబ్బాయి పొద్దుట్నుంచీ ఏమీ తినుండడు. ఈసారి వచ్చేటప్పుడు జామకాయలు తెమ్మనండి."

"స్తోత్రం" అన్నాడు మాస్టారు చిన్నగా. నా సంచి వంక చూశాడు. సంగతి అర్థమైనట్టుంది. చొక్కా జేబులో సుద్దముక్క తడుముకుంటూ, "మరి ఇక నిన్ను కోడూరూ అని పిలవడం కుదరదుగా. ఇంతకీ నీ పేరేంటబ్బాయ్?" అన్నాడు.

చెప్పాను. ఆయన పేరు నేను అడగలేదు.